ఎర్రగీతకు అటు అక్క, ఇటు చెల్లి

ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫ్యాను కాస్త తగ్గించండి, దాని గోలలో నా మాట సగం కొట్టుకుపోతుంది. వెనక కూర్చున్న పిల్లా, నువ్వు కూడా ముందుకి రా. ఇది హత్య కథ. ఒక్క మాట జారవిడిచినా హంతకుడు మీ పక్కనుంచే నడిచి వెళ్ళిపోతాడు.

మా థాసక్ పట్టణంలో లమ్‌యాయ్ సందు ఉంది కదా, అందులో ఎదురెదురుగా రెండు ఇళ్ళు. ఉత్తరం వైపు అక్క చువన్, దక్షిణం వైపు చెల్లెలు ప్రాని. తల్లి పోయాక స్థలం పంచుకుంటే వాళ్ళ మధ్య సందు ఒక్కటే మిగిలింది. ఇద్దరికీ తలలు నెరిశాయి. అయినా ఒకరింట్లో ఏం వండారో రెండో వాళ్ళు వాసన పట్టకుండా ఏనాడూ భోజనానికి కూర్చోలేదు.

ఇంతలో పట్టణానికి కొత్త పటం వచ్చింది. పసుపు రంగు వేసిన చోట కాపురాలుండే ఇళ్ళు తప్ప మరేమీ కట్టకూడదు. ఎరుపు రంగు వేసిన చోట దుకాణాలు, హోటళ్ళు, ఎన్ని అంతస్తులైనా లేపుకోవచ్చు. అదే మట్టి, రంగు మారితే బంగారం. అంతకుముందు సందంతా పసుపే. కొత్త పటంలో గీత సరిగ్గా సందు నడిమధ్య పడింది. చువన్ వైపు ఎరుపైంది, ప్రాని వైపు పసుపుగానే మిగిలింది.

అభ్యంతరాలు వినడానికి పెట్టిన సభలో ప్రాని లేచి, పటం గీసిన అధికారి వినిత్ ముఖం మీదికి వేలు చూపి, "మా అక్క వైపే ఎరుపా? నీ పీక నా చేతులతోనే నొక్కుతాను చూడు!" అని అరిచింది. ఊరంతా విన్నది. మర్నాడు పొద్దున వినిత్ శవం కాలువ తూము దగ్గర తేలింది. తల వెనక పెద్ద దెబ్బ. అతని మోటారుసైకిలు ప్రాని గేటు ముందే నిలబెట్టి ఉంది. పోలీసు కెప్టెన్ ఓరాసా మధ్యాహ్నం కాకుండానే ప్రానిని లాకప్పులో వేసింది.

ప్రాని మొగుడు బున్‌మా ఫ్యాన్లు బాగుచేస్తాడు. సభ జరిగిన సాయంత్రం అతను గుడి తిరునాళ్ళలో ఉన్నాడు, ఇంట్లో ఏం జరిగిందో తెలియదు. ప్రానిని పట్టుకెళ్ళిన మర్నాడు అతను ఏడుస్తూ వెళ్ళి కన్నికా కాళ్ళ మీద పడ్డాడు. "రేపు కోర్టుకి తీసుకుపోతారట. అక్కడికి వెళ్తే మళ్ళీ ఇంటికి రాదమ్మా మా ఆవిడ" అన్నాడు.

ఈ కన్నికా ఎవరంటే, ఒకప్పుడు అదే స్టేషన్‌లో లెఫ్టినెంటు. ఇప్పుడు నూడిల్స్ అంగడి మీది గదిలో ప్రైవేటు పరిశోధనలు చేసుకుంటోంది. ఉద్యోగం ఎందుకు మానేశావని ఎవరడిగినా నడుం నొప్పి అంటుంది. నడుముకి ఏ నొప్పీ లేదు. కెప్టెన్ పదవి తను పని నేర్పిన ఓరాసాకి వచ్చిన వారమే ఆ నొప్పి మొదలైంది.

ఆ రోజు స్టేషన్ ముందు దిగగానే కన్నికా కళ్ళు మొదట ఓరాసా తెల్ల కారు మీద పడ్డాయి. కొత్తది. సీట్లకు కంపెనీవాళ్ళు వేసిన ప్లాస్టిక్ తొడుగులు ఇంకా అలాగే ఉన్నాయి. కన్నికా తన పాత స్కూటీని దానికి కనపడకుండా వేపచెట్టు వెనక నిలబెట్టి లోపలికి నడిచింది.

ప్రాని లాకప్పు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"తిన్నారా అక్కా?" అంది కన్నికా.

"తిన్నానులే. ఇక్కడ అన్నం రాళ్ళలా వండుతారు. మా ఆయన ఎలా ఉన్నాడు?"

"ఫ్యాను విప్పుతున్నాడు, మళ్ళీ బిగిస్తున్నాడు. బాగున్న ఫ్యానునే."

ప్రానికి నవ్వు రాబోయి ఆగిపోయింది.

"సభలో ఆ మాట అన్నారా?"

"అన్నాను. నొక్కాలనే ఉండింది ఆ నిమిషాన. అది ఎరుపు, నేను పసుపు! ఒక కడుపున పుట్టలేదా మేము? రేపు అది అంతస్తులు లేపితే దాని నీళ్ళ ట్యాంకు చూసుకుంటూ నేను చావాలా?"

"ఆ సాయంత్రమే అతను మీ ఇంటికి వచ్చాడు."

"వచ్చాడు."

"ఏం పెట్టారు?"

ప్రాని చప్పున తలెత్తింది. ఇలాంటి ప్రశ్న ఆమెను ఓరాసా అడగలేదు.

"ఏముంది, చేపల పులుసు."

"తర్వాత?"

"కాస్త జిగురన్నం."

"దూరియన్ పండు వేసి, కొబ్బరిపాలు పోసి. కడుపులో అదే ఉందని ఆస్పత్రి వాళ్ళు చెప్పారు. రెండుసార్లు వడ్డించి ఉంటారు, అంత తిన్నాడు." కన్నికా ఊచల దగ్గరికి జరిగింది. "అక్కా, పీక నొక్కాలనుకున్న మనిషికి అంత ఖరీదైన దూరియన్ కోసి ఎవరు పెడతారు? అతను శుభవార్త తెచ్చాడు. గీతను జరిపి మీ వైపు కూడా ఎరుపు చేస్తానన్నాడు. అవునా, కాదా?"

ప్రాని కాలి బొటనవేలితో గచ్చు మీద గీస్తూ ఉండిపోయింది.

"అదే నిజమైతే అతను బతికుండటమే మీకు లాభం. ఆ ఒక్క ముక్క ఓరాసాకి చెప్పండి, చాలు."

"నాకేం తెలీదు."

"తిన్నాక ఎటు వెళ్ళాడు?"

"చూడలేదు. గిన్నెలు కడుక్కుంటున్నాను."

"మోటారుసైకిలు మీ గేటు ముందే ఉందంటే నడిచే వెళ్ళాడు. ఎక్కడికి?"

"చూడలేదన్నాను కదమ్మా! ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఉరి వేసినా అదే మాట." అంతలోనే మెత్తబడి, "నాకొక పని చేసిపెడతావా? మా అక్క వాకిట్లో మా అమ్మ నిలబెట్టించిన భూమిసామి గుడి ఉంది. పంపకాల్లో అది అక్క వాటాలోకి పోయింది. అక్కకి తీరిక ఉండదు. రోజూ పొద్దున్నే నేనే వెళ్ళి నీళ్ళు మార్చి దండ వేసేదాన్ని. రెండు రోజులుగా సామిని ఎండగట్టినట్టయింది. నువ్వెళ్ళి వెయ్యమ్మా" అంది.

"మీ మెడ మీద కత్తి వేలాడుతుంటే మీకు దండ గుర్తొచ్చిందా?"

"మా అమ్మకి మాటిచ్చాను."

కన్నికా వెనక్కి తిరిగేసరికి ఓరాసా తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. భుజం మీద మూడు నక్షత్రాలు, ఇస్త్రీ మడత నలగని చొక్కా.

"లోపలికి రావడానికి ఎవరినడిగారక్కా? ఓ, మరిచిపోయాను. ఒకప్పుడు ఈ స్టేషన్ మీదే కదా."

"జుట్టు ముడి టోపీ కింద జారకుండా ఎలా దోపాలో నీకు నేర్పింది ఈ స్టేషన్‌లోనే."

"నేర్పారు. అది నేర్పినట్టు కనపడ్డవాళ్ళందరికీ చెప్తున్నారు కూడా. నా పెళ్ళిలో పూలదండల వాడికి కూడా చెప్పారు."

పక్కనున్న సార్జెంటు దెచ్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. కన్నికా ముఖం వేడెక్కింది.

"నవ్వులకేం గానీ ఓరాసా, ఆమెకి చంపాల్సిన అవసరం లేదు. అతనికి విందు పెట్టింది. శత్రువుకి విందు పెట్టరు."

"పెడతారు, పని కావాల్సి వస్తే. బాగా వండి పెట్టి బతిమాలింది. అతను తినేసి, గీత మారదన్నాడు. ఒళ్ళు మండింది. సాగనంపినట్టు కాలువ దాకా తీసుకెళ్ళి వెనక నుంచి కొట్టింది. బండి ఆమె గేటు ముందే, బెదిరింపు ఊరందరి ముందే, ఆఖరి భోజనం ఆమె చేత్తోనే. మీరైతే ఏం చేసేవారు? మీరే అరెస్టు చేసి పేపర్లో ఫోటో వేయించుకునేవారు. ఇప్పుడా ఫోటో నాది. అదేగా మీ బాధ?"

మాట తగలాల్సిన చోటే తగిలింది. ఓరాసా చెప్పిన కథ తప్పో ఒప్పో గానీ, అందులో ఎక్కడా అతుకు కనపడలేదు. తను నేర్పిన పద్ధతిలోనే పేర్చుకొచ్చింది. కన్నికాకి అన్నిటికంటే అదే మండింది.

"నీ ఫోటో నువ్వే ఉంచుకో" అని బయటికి వచ్చేసింది. వస్తూ వస్తూ తెల్ల కారు చక్రాన్ని చెప్పుతో ఒక్కటి తన్నింది. ఎవరూ చూడలేదులెండి. చూసినవాళ్ళు నాకు చెప్పారు, అంతే.

సందు మొదట్లో మల్లెదండ ఒకటి, ఎర్ర సోడా ఒకటి కొనుక్కుని చువన్ ఇంటికి వెళ్ళేసరికి ఎండ పడమటికి వాలింది. చువన్ కొబ్బరిపాల వ్యాపారం చేస్తుంది. వాకిట్లో ముక్కాలి పీట మీద కూర్చుని కత్తి వెనక వైపుతో కొబ్బరికాయలు కొడుతోంది. ఒక్కో కాయకి ఒక్కటే దెబ్బ. పక్కన కాయలు మోసే తోపుడు బండి ఉంది.

"మీ చెల్లెలు పంపింది, గుడికి దండ వెయ్యమని" అంది కన్నికా చేతులు జోడించి.

"లోపలుండి కూడా నాకు పనులు పురమాయిస్తోందా?" కొబ్బరికాయ పగిలింది. "నీకు తెలీదు కన్నికా దాని సంగతి. వాకిలి నాది, గుడి ఉన్న నేల నాది. అది పొద్దున్నే తడిజుట్టుతో వచ్చి ఒక దండ పడేసి పోతుంది. సందులో వాళ్ళంతా 'ప్రానికి ఎంత భక్తి' అంటారు. ఊడ్చేది నేను! ఊడ్చేదాన్ని ఎవరూ మెచ్చుకోరు."

"పాపం, ఇప్పుడు జైల్లో ఉంది కదా."

"నోరు. ఆ నోటివల్లే పోయింది. అధికారిని పట్టుకుని అంత మాట అంటుందా?"

"వినిత్ ఆ సాయంత్రం మీ దగ్గరికి రాలేదా?"

"నా దగ్గరికెందుకు వస్తాడు? నాకు ఎరుపు వచ్చేసింది, నాకే ఫిర్యాదూ లేదు. తలుపులేసుకుని కొబ్బరి కోరుతున్నాను. ఆ మిషను చప్పుడులో పిడుగు పడినా వినపడదు."

కన్నికా గుడి దగ్గరికి వెళ్ళింది. మీరు చూసే ఉంటారు, ఒంటి స్తంభం మీద టేకుతో చేసిన బొమ్మరిల్లు లాంటి గుడి. స్తంభం కింద గుండ్రటి సిమెంటు దిమ్మ. ఎండిపోయిన పాత దండ తీసేసి కొత్తది వేసింది, సామి తాగడానికి సోడా మూత తీసి గొట్టం పెట్టింది, అగరొత్తి వెలిగించింది. కళ్ళు మూసుకుని దండం పెట్టి, కళ్ళు తెరిచింది.

అగరొత్తి నిప్పు నీడలో ఎర్రగా మెరుస్తోంది.

ఆమె చేతులు అలాగే జోడించి ఉండిపోయాయి. ఇంటి నీడ గుడి మీద పడింది. స్తంభం, మెట్లు, చిన్న కప్పు, అన్నీ నీడలోనే ఉన్నాయి.

మా దేశంలో నిన్న పుట్టిన పిల్లాడికి కూడా ఈ సంగతి తెలుసు. భూమిసామి ఆ నేలకి యజమాని, ఇంట్లో ఉండే మనం అద్దెకున్నవాళ్ళం. అద్దెవాడి నీడ యజమాని మీద పడకూడదు. అందుకే పూజారిని పిలిచి, పొద్దునా సాయంత్రమూ నీడలు ఎటు పోతాయో చూసి, అప్పుడు గానీ గుడి నిలబెట్టరు. నిలబెట్టాక మంత్రం లేకుండా ఎవరూ దాన్ని కదపరు. చచ్చినా కదపరు. ఆ ఇల్లు కట్టినప్పటినుంచీ ఒక్క గది కూడా పెరగలేదు. మరి గుడి నిలబెట్టించిన ఆ తల్లి తప్పు చేసిందా? లేకపోతే గుడి నడిచి వచ్చిందా?

కన్నికా దండ సర్దుతున్నట్టు వంగి చుట్టూ చూసింది. గేటు పక్కన, ఎండ బాగా కాస్తున్న మూలలో, నేల మీద గుండ్రటి మచ్చ ఉంది. ఏళ్ళ తరబడి ఏదో బరువు కింద ఉండి నాచు పట్టని చోటు. అక్కడినుంచి గుడి దాకా పలకల మీద వంకర గీతలు పడ్డాయి. గ్యాస్ బండను అంచు మీద దొర్లిస్తూ తెచ్చినప్పుడు పడతాయే, అలాంటివి. ఇక గుడి దిమ్మ చుట్టూ పలకల సందులు తెల్లగా ఉన్నాయి. మిగతా వాకిలంతా పచ్చటి నాచు, అక్కడ మాత్రం ఎవరో బ్రష్షు పెట్టి తోమినట్టు తెలుపు.

"ఏం చూస్తున్నావు అంతసేపు?" వెనక నుంచి చువన్ గొంతు. కొబ్బరికాయ దెబ్బలు ఆగిపోయాయి.

"అగరొత్తి సరిగ్గా అంటుకోలేదక్కా. చెమ్మ పట్టింది."

గేటు దాటి సందులోకి అడుగుపెట్టాక గానీ కన్నికా ఊపిరి వదలలేదు. ఎదురుగా ప్రాని ఇల్లు. ముందు వరండాలో, సరిగ్గా ఈ గేటుకి ఎదురుగా, గిన్నెలు కడిగే తొట్టి, బోర్లించిన రెండు పళ్ళేలు. అక్కడ కూర్చుని గిన్నెలు కడిగే మనిషికి చువన్ గేటు తప్ప ఇంకేమీ కనపడదు.

ప్రాని చూసింది. అంతా చూసింది.

ఇప్పుడు వినండి, ఇక్కడ మన కన్నికాకి ఒక పరీక్ష వచ్చింది. గుడి కింద ఏముందో తీసి చూసే అధికారం ఆమెకి లేదు, పోలీసులకే ఉంది. చువన్‌కి అనుమానం తగిలింది కాబట్టి ఈ పూట దాటితే అక్కడ మచ్చ కూడా మిగలదు. ఓరాసాకి ఫోన్ చెయ్యాలి. చేస్తే ఏమవుతుంది? కెప్టెన్ ఓరాసా అసలు హంతకురాలిని పట్టుకుందని పేపర్లో వస్తుంది. తెలిసిన విలేకరికి ముందు చెబితే? కెప్టెన్ ఓరాసా అమాయకురాలిని లాకప్పులో వేసిందని వస్తుంది. ఆ రెండో వార్త ఎంత తియ్యగా ఉంటుందో తలుచుకుంటేనే కన్నికా నోట్లో నీళ్ళూరాయి. ఫోనులో విలేకరి నంబరు దాకా వెళ్ళింది. విలేకరి వచ్చి, ఫోటోలు తీసి, గొడవ చేసేలోపు చువన్ బకెట్టెడు నీళ్ళు పోస్తే ప్రాని గతేమిటని మనసు అడిగింది. పళ్ళు బిగబట్టి ఓరాసా నంబరు నొక్కింది.

"చెప్పండక్కా, మళ్ళీ ఏం నేర్పాలి నాకు?"

"చువన్ వాకిట్లో భూమిసామి గుడి మీద ఇంటి నీడ పడుతోంది."

ఓరాసా కూడా ఈ నేల మీద పుట్టిందే కదా. ఇంకొక్క ముక్క వివరించాల్సిన పని లేకపోయింది.

"చువన్‌ని కదలనివ్వకండి. వస్తున్నాను" అంది.

తెల్ల కారు వచ్చింది. ఓరాసా వాకిట్లోకి వచ్చి మచ్చను చూసింది, గీతలను చూసింది, వంగి పలకల సందులను వేలితో రాసి చూసింది. తర్వాత దెచ్ వైపు తిరిగి, "గుడి పక్కకి జరపండి" అంది.

దెచ్ మెడలోని తాయెత్తులు గుప్పిట్లో పట్టుకున్నాడు. "మేడమ్, నాకు ఇద్దరు పిల్లలు."

"నువ్వు?" అని ఇంకో కానిస్టేబుల్‌ని అడిగింది.

"నాకు నెలాఖరుకి పెళ్ళి మేడమ్."

ఓరాసా తనే ఒక అడుగు ముందుకి వేసింది. చెయ్యి చాచింది. ఆ చెయ్యి స్తంభానికి బెత్తెడు దూరంలో ఆగింది, రెండో చెయ్యి వచ్చి దానికి జత కలిసింది. దండం పెట్టి వెనక్కి వచ్చేసింది.

చువన్ పీట మీదే కూర్చుని నవ్వింది. "పూజారిని పిలిపించుకోండమ్మా. మంచి ఘడియ చూసుకుని రమ్మనండి. అమ్మ నిలబెట్టించిన గుడి, ఊరికే ముట్టుకుంటారా ఎవరైనా?"

అప్పుడు కన్నికాకి పూర్తిగా అర్థమైంది. తోమినా పోని రక్తాన్ని చువన్ ఊళ్ళో ఏ చెయ్యీ ముట్టని దాని కింద దాచింది. అది ఎంత పాపమో తెలిసే, వణుకుతూనే దొర్లించి ఉంటుంది. ఆ వణుకులో మరునాటి ఎండ ఎటు వాలుతుందో చూసుకోలేదు.

పూజారి కోసం మనిషిని పంపారు. అందాకా వాకిట్లో అందరూ నిలబడే ఉన్నారు. చువన్ మళ్ళీ కాయలు కొట్టడం మొదలుపెట్టింది.

ఓరాసా గొంతు తగ్గించి అంది: "విలేకరికి చెప్తారనుకున్నాను."

"చెబుదామనే అనుకున్నాను."

"నేనైతే చెప్పేదాన్ని." ఓరాసా టోపీ తీసి ముడి సరిచేసుకుంది. "స్టేషన్‌కి ఫోన్ వస్తుందక్కా. ఎత్తి 'కెప్టెన్ ఓరాసా' అంటాను. అవతలివాళ్ళు 'కన్నికాగారు లేరా?' అంటారు. ఇప్పటికీ. ఈ నక్షత్రాలు చూసి మీరు కుళ్ళుకుంటారని అందరూ అంటారు. నేనెంత కుళ్ళుకుంటానో ఎవరికీ తెలీదు."

ఈ మాట విని కన్నికాకి సంతోషం వేయాలి. వేసింది కూడా, దాచడమెందుకు. కానీ ఆ సంతోషం గొంతులో ఉండగానే ఆమె చూపు చువన్ మీద పడింది. చువన్ కాయ కొట్టబోతూ ఆగి, ఎదుటి వరండాలో చెల్లెలి పళ్ళేల వైపు చూస్తోంది. ఆ చూపు కన్నికాకి బాగా తెలుసు. తెల్ల కారుని తను చూసినప్పుడు తన కళ్ళల్లో ఉండేది అదే.

రక్తం దొరికినా ఈ మనిషి ఒప్పుకోదు అనుకుంది. కోడి రక్తమంటుంది, చెల్లెలే ఇక్కడ చంపిందంటుంది. ఈమె నోరు భయంతో తెరుచుకోదు. దేనితో తెరుచుకుంటుందో అది తన కడుపులోనూ ఉంది.

కన్నికా వెళ్ళి చువన్ ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"అక్కా, మీ చెల్లెలికి తెలుసు."

"ఏం తెలుసు?"

"వినిత్ తిని లేచి, సందు దాటి, మీ గేటు తియ్యడం. తొట్టి దగ్గర కూర్చుని చూసింది. ఒక్క మాటతో ఇంటికి రావచ్చు. పోలీసులు ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. నాకూ చెప్పలేదు. ఉరి వేసినా చెప్పదట."

చువన్ చేతిలో కత్తి కిందికి దిగింది. "చెప్పలేదా?"

"లేదు. మీకోసం."

"నాకోసమా?" చువన్ ముఖం ముడుచుకుంది. ఏడుస్తుందనుకున్నారు అందరూ. "మళ్ళీ మొదలుపెట్టింది! చూశావా కన్నికా, మళ్ళీ మొదలుపెట్టింది! రేపు అది జైలుకి పోతే ఊరేమంటుంది? అక్క కోసం ప్రాణం ఇచ్చిన దేవత అంటుంది. సందు మొదట్లో దాని ఫోటో పెట్టి దండ వేస్తారు. నేను ఇక్కడ అంతస్తులు కట్టుకుని కూర్చుంటే కింద నడిచేవాళ్ళంతా దాని మంచితనమే చెప్పుకుంటారు."

"చువన్ అక్కా..." అని ఓరాసా ఏదో అనబోయింది. కన్నికా చెయ్యి పట్టి ఆపింది.

"చేప కోస్తే పొట్ట ముక్క దానికి, తోక నాకు. అమ్మ ఆఖరి గుక్క నీళ్ళు దాని చేత్తో తాగింది. నేను గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఈ వయసుకి మొదటిసారి నాకొకటి వచ్చింది, దానికి రానిది. ఎరుపు! అంతస్తులు కట్టడానికి నాకు పిల్లలా, జెల్లలా? ఊరికే, నాకుంది దానికి లేదు, అంతే. పొద్దున్నే లేచి ఆ మాట అనుకుంటే కాఫీ తియ్యగా ఉండేది. ఆ వినిత్ వచ్చాడు నవ్వుకుంటూ, మీసాలకి కొబ్బరిపాలు కూడా తుడుచుకోలేదు. 'ఇక గొడవ లేదక్కా, రెండు వైపులా ఎరుపే' అన్నాడు. నా ఒక్కదానికే ఉంచమన్నాను. బతిమాలాను. 'ఒక తల్లి బిడ్డలు, మీకు తేడా ఏంటక్కా' అని నవ్వాడు."

ఆమె లేచి నిలబడింది.

"తోశాను. గుమ్మం మెట్టు అంచుకి తల తగిలి, ఇదిగో ఈ గుడి ఉన్న పలకల మీద పడ్డాడు. ఈ బండి మీదే కాలువ దాకా తోసుకెళ్ళాను. రాసుకో ఓరాసా, స్పష్టంగా రాసుకో. చేసింది నేను. దాని దయ నాకక్కర్లేదు. జైలు కూడా అది నా దగ్గర లాక్కోకూడదు."

పూజారి తాత ఆయాసపడుతూ వచ్చి, మంత్రం చదివి, గుడి కదిపించాడు. దిమ్మ కింద పలకల్లో ముదురు మచ్చ ఎంత తోమినా పోకుండా ఉంది. అప్పటికి దాన్ని చూడాలని ఎవరికీ పెద్దగా ఆత్రం లేదు.

స్టేషన్‌లో ప్రానిని వదిలేసి చువన్‌ని లోపలికి తెచ్చేటప్పుడు ఇద్దరూ తలుపు దగ్గర ఎదురుపడ్డారు. ప్రాని అక్క కాళ్ళు చుట్టేసుకుని, "ఎందుకు చెప్పావే? నేను ఉండేదాన్ని కదే లోపల! నాకేమైంది, ఉండేదాన్ని కదే!" అని గుండెలు బాదుకుంది. బున్‌మా ఏడ్చాడు, దెచ్ ఏడ్చాడు, ఓరాసా గోడ వైపు తిరిగింది.

చువన్ ఒక్కతే ఏడవలేదు. సంకెళ్ళ చేతులతో చెల్లెలి నెరిసిన తల కాసేపు నిమిరి, కన్నికా వైపు చూసి, "చూడు, ఏడుపు కూడా దానికే బాగుంటుంది" అంది.

ఇదీ సంగతి. ఇంటికెళ్ళి మీవాళ్ళకి చెప్పండి, ఎవరి పేరూ మరిచిపోకుండా చెప్పండి. మీ తర్వాత మీ పిల్లలు కూడా చెప్పాలి. ఒక్కటే అడుగుతాను. చెప్పేటప్పుడు ప్రానిని మరీ దేవతను చెయ్యకండి. చువన్ వింటే ఒప్పుకోదు.